రెండు గొట్టాల ఊపిరి

మా మనవడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పుట్టింది అనంతపురంలో, మొన్న మునిగొచ్చింది కర్ణాటకలో నేత్రాణి దీవి పక్క సముద్రంలో. వస్తూనే, "తాతా, పాత ఇంగ్లిషు సినిమాల్లో మునిగేవాళ్ళ నోటికి అటొకటి ఇటొకటి రెండు లావుపాటి గొట్టాలుంటాయి కదా. అవి మళ్ళీ తయారవుతున్నాయంట. మాకిచ్చినదానికి ఒకటే గొట్టం. రెండోది దేనికి?" అన్నాడు. కబుర్లకు ఇంతకంటే మంచి సాకు దొరకదు. రండి, కూర్చోండి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మా అనంతపురంలో సముద్రం అడుగు ముచ్చట్లేమిటని నవ్వకండి. బోర్లు వచ్చి ఊటలు ఇంకిపోకముందు ఇక్కడా కపిలబావుల్లో నిండా నీళ్ళుండేవి. నడుముకు బెండ్లు కట్టుకుని పిల్లలంతా అందులోనే ఈత నేర్చారు. ఆ బావుల్లోనే మేమొక ప్రయోగం చేసేవాళ్ళం. బొప్పాయి ఆకు కాడ లోపలంతా డొల్ల. ఆకు తుంచేసి, కాడ ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస నీటిపైన ఉంచి మునిగితే జానెడు లోతులో ఊపిరి బాగానే ఆడేది. ఇంకా లోతుకు పోదామని రెండు కాడలు ఒకదాంట్లో ఒకటి దోపితే మాత్రం గాలి ఆడదు. కాడ చీలలేదు, నీళ్ళు దూరలేదు. అయినా ఆడదు.

తప్పు కాడది కాదు, నీటి బరువుది. మీటరు లోతులో ఒళ్ళు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. రొమ్ము వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లనుకున్నా క్వింటాలు లెక్క తేలుతుంది. కాడలోంచి వచ్చేది పైనున్న మామూలు గాలి, దానికి ఆ బరువును ఎదిరించే శక్తి లేదు. క్వింటాలును పైకెత్తి ఊపిరి పీల్చే పని పక్కటెముకల కండరాల మీద పడుతుంది. వాటివల్ల కాదు. అందుకే నీళ్ళలో మునిగేవాడికి గాలి అందితే చాలదు, వాడున్న లోతులో నీటి ఒత్తిడి ఎంతో అంతే ఒత్తిడితో అందాలి. పది మీటర్లు దిగితే రెండింతలు, ఇరవై దిగితే మూడింతలు. వీపు మీది సిలిండర్‌లో గాలి 200 బార్లకు కుక్కి ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు లోతుకు తగ్గట్టు కొలిచి ఇచ్చేదే రెగ్యులేటర్.

ఆ రెగ్యులేటర్ మీ వంటింట్లోనూ ఉంది. గ్యాస్ సిలిండర్ నెత్తిన కూర్చున్న బిళ్ళను ఈసారి దగ్గరగా చూడండి. పైన సూది మొనంత బెజ్జం కనిపిస్తుంది. లోపల పల్చటి రబ్బరు పొర, దాని మీద స్ప్రింగు, పొరకు తగిలించిన చిన్న మీట, మీట చివర గ్యాసుకు మూత. స్టవ్వు గ్యాసు లాగుకుంటే పొర కిందికి వంగుతుంది, మూత తెరుచుకుంటుంది. స్టవ్వు ఆపితే పొర లేస్తుంది, మూత పడుతుంది. ఆ బెజ్జం ఎందుకంటే, బయటి గాలి ఒత్తిడి పొరకు తెలియడానికి. ఇదే పొరను నీళ్ళలో ముంచామనుకోండి. బెజ్జంలోంచి దాన్ని నొక్కేది గాలి కాదు, నీరు. లోతు పెరిగేకొద్దీ నీరు గట్టిగా నొక్కుతుంది, గాలి కూడా అంతే గట్టిగా వస్తుంది. కథంతా ఇంతే.

పోలిక కుదిరిందని చెప్పడం లేదు, చరిత్రే అలా నడిచింది. 1860లో బెన్వా రుకేరోల్ అనే ఫ్రెంచి గనుల ఇంజనీరు ఇలాంటి సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. డెనెరూజ్ అనే నౌకాదళ అధికారితో కలిసి 1864లో దాన్ని నీటి పనికి మలిచాడు. తర్వాత దాన్ని జనం మరిచిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడిపేవారు. ఆ గ్యాసును ఇంజన్‌కు కొలిచి ఇచ్చే సాధనాన్ని ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజనీరు ఎమిల్ గన్యాన్ తయారు చేశాడు. 1942 చివర్లో ఝాక్ కుస్తో అనే నౌకాదళ అధికారి అతన్ని వెతుక్కుంటూ వచ్చి, నీళ్ళలో మనిషికి గాలి కావాలన్నాడు. కారుకు ఇచ్చేది మనిషికి ఎందుకు ఇవ్వదూ!

1943 జనవరిలో పారిస్ దగ్గర మార్న్ నదిలో మొదటి పరీక్ష. అడ్డంగా ఈదితే ఊపిరి హాయిగా ఆడింది. నిలువుగా నిలబడితే గాలి బుసబుసమని వృథాగా పోయింది. తలకిందులైతే పీల్చడమే గండమైంది. ఇద్దరూ తల పట్టుకున్నారు. కారణం చూస్తే జానెడు ఎత్తు. గాలి ఇచ్చే పొర ఒకచోట, వదిలిన ఊపిరి బయటికి పోయే కవాటం ఇంకోచోట ఉన్నాయి. మనిషి నిలబడితే కవాటం పొరకంటే పైకి వస్తుంది. అక్కడ నీటి ఒత్తిడి కాస్త తక్కువ, లోపలి గాలి ఒత్తిడి కాస్త ఎక్కువ. ఇంకేముంది, ఎవరూ ఊదకుండానే గాలి బయటికి తోసుకుపోతుంది. తలకిందులైతే ఇదంతా తిరగబడుతుంది. విరుగుడు ఏమిటంటే, కవాటాన్ని కూడా వీపు మీదే, పొర పక్కనే పెట్టేయడం. మనిషి ఎటు తిరిగినా రెండూ ఒకే లోతులో ఉంటాయి. అయితే నోట్లోంచి వదిలిన ఊపిరి వీపు దాకా వెళ్ళాలి కదా? అందుకురా నాయనా రెండో గొట్టం. ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకెళ్ళేది.

1952లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్‌డ్రెడ్ ఈ ముడిని ఇంకోలా విప్పాడు. పొరను, కవాటాన్ని రెండిటినీ నోటి దగ్గరకే తెచ్చేశాడు. వదిలిన ఊపిరి అక్కడికక్కడే బుడగలై పోతుంది, ఒక గొట్టం చాలు. పాతదానిలో పొర వీపు మీద, ఊపిరితిత్తులు దానికి కింద. బోర్లా ఈదేటప్పుడు ఆ కాస్త తేడాకే పీల్చడం బరువయ్యేది. కొత్తదానిలో ఆ బాధ తగ్గింది. పైగా నోట్లో పెట్టుకునే ముక్కలోకి నీళ్ళు వస్తే ఒక మీట నొక్కితే పోతాయి. పాతదానికైతే ఎడమవైపు దొర్లి, ఊది తోయాలి. రెండు గొట్టాలు మూలపడటంలో వింతేమీ లేదు.

మరి ఇప్పుడు మళ్ళీ ఎందుకు? పాతవాటి మీద మోజు ఉంది, కాదనను. మోజు ఒక్కటే అయితే నేనింత చెప్పను. రెండు గొట్టాలదానిలో వదిలిన బుడగలు మెడ వెనక నుంచి పోతాయి, ముఖం ముందు గలగలలు ఉండవు. నీటి అడుగున ఫోటోలు తీసేవాళ్ళకు అదే కావాలి. చేపలూ తక్కువ బెదురుతాయంటారు. నోట్లో ఉండేది తేలికపాటి ముక్క, దవడ లాగదు. 2005లో ఆక్వా లంగ్ అనే కంపెనీ మిస్ట్రల్ అనే తన పాత మోడల్ పేరుతో కొత్త రెండు గొట్టాల రెగ్యులేటర్ తెచ్చింది. అమెరికాలో క్రాకెన్ పేరుతో ఇంకోటి తయారవుతోంది. ఒంటికి తేలుడు చొక్కా, ప్రెషర్ గేజ్, తోటివాడికి అత్యవసరంగా గాలిచ్చే గొట్టం, ఇవేవీ తగిలించుకునే దారి పాతదానిలో లేదు. ఇప్పటివాళ్ళు ఆ దారులు పెట్టారు.

అసలు ప్రాణం పోసింది మాత్రం సిలికోన్ అంటాను. ఇత్తడి డబ్బా యాభై ఏళ్ళైనా చెక్కుచెదరదు, రబ్బరు పొర అలా కాదు. అనంతపురం ఎండలో సైకిల్ ట్యూబు ఎలా పగుళ్ళు తేలుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. రబ్బరు అణువుల్లోని జంట బంధాలను గాలిలోని ఓజోన్ కొరికేస్తుంది. సిలికోన్ వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పేనిన గొలుసు, అందులో ఓజోన్‌కు పట్టు దొరకదు. ఆ పొరలూ గొట్టాలూ కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు కాబట్టే తాతల నాటి డబ్బాలు నీళ్ళలో దిగుతున్నాయి. పాత సామాన్లలో ఒకటి దొరికితే ముచ్చటపడి కొనండి. రబ్బరంతా మార్పించకుండా, తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోకుండా నోట్లో మాత్రం పెట్టుకోకండి.

మా వాడికి చివరగా ఒక మాట చెప్పాను, మీకూ అదే. మునిగేవాళ్ళు ఏ లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టికలు సముద్రమట్టానికి రాసినవి. 300 మీటర్ల ఎత్తు దాటితే వాటిని సవరించాలి. అనంతపురం 335 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డుకంటే దాదాపు నాలుగు శాతం తక్కువ. ఏ మంచి ఏడో చెరువులు నిండి, నీకు ఇక్కడే సిలిండర్ కట్టుకుని మునగాలనిపిస్తే, నేత్రాణి పట్టిక మడిచి జేబులో పెట్టుకో. ఎత్తు ప్రదేశాల పట్టిక తీసుకురా.