పన్నీరా.. బెంగళూరు బ్లూనా?

* బండి మీద రెండూ నల్ల ద్రాక్షే
* వాసన వేరు.. గుణం వేరు
* గింజ ఉందని వద్దంటే రైతుకు దెబ్బ

తిరుత్తణి: సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని 365 మెట్లు దిగి వచ్చేసరికి ఎవరికైనా గొంతు ఎండిపోతుంది. అప్పుడు తోపుడు బండి మీద నల్లగా నిగనిగలాడే ద్రాక్ష కనిపిస్తే చేయి ఆగదు. 'కిలో ఎంత? గింజలున్నాయా? పులుపా?'.. ఈ మూడు ప్రశ్నలతో బేరం అయిపోతుంది. అది ఏ ద్రాక్ష అని అడిగేవారు తక్కువ. తిరుత్తణిలో అయినా, తిరువళ్లూరులో అయినా అంతే. గింజ ఉన్నవన్నీ 'నల్ల ద్రాక్ష' పద్దులోకే పోతాయి. నిజానికి ఆ పేరు కింద రెండు వేర్వేరు జాతులున్నాయి. ఒకటి పన్నీరు ద్రాక్ష. రెండోది బెంగళూరు బ్లూ. రెండూ తినడానికి పనికొస్తాయి, వైన్‌కూ పనికొస్తాయి. కానీ నోట్లో వేసుకుంటే తూర్పుకు, పడమరకు ఉన్నంత తేడా!

దక్షిణం నుంచి ఒకటి.. పడమర నుంచి ఒకటి

పన్నీరు ద్రాక్షకు పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు కంబం లోయ. కేరళ సరిహద్దును ఆనుకుని తేని జిల్లాలో ఉంది. ఉద్యాన శాఖ పుస్తకాల్లో దీని పేరు గులాబీ. అసలు పేరు మస్కట్ హాంబర్గ్. మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా అనే తెల్ల ద్రాక్షకు, స్కియావా గ్రోసా అనే నల్ల ద్రాక్షకు పుట్టిన బిడ్డ ఇది. 2023లో 'కంబం పన్నీర్ ద్రాక్ష'గా భౌగోళిక గుర్తింపు దక్కించుకుంది.

బెంగళూరు బ్లూ దారి వేరు. కోలారు, చిక్కబళ్లాపుర తోటలు దీనికి ఆటపట్టు. అమెరికా అడవి ద్రాక్షకు, ఐరోపా ద్రాక్షకు కలిగిన సంకరం ఇది. విదేశాల్లో ఇసబెల్లా అంటారు. దీనికి పదేళ్ల ముందే, 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నోరు చెప్పే తేడా

పన్నీరు ద్రాక్షను కొరికితే ముందు తీపి, వెంటనే గులాబీ పరిమళం. పేరు ఊరికే రాలేదు. గులాబీ రేకుల్లో ఉండే జెరానియాల్ అనే సుగంధ ద్రవ్యమే ఈ పండులోనూ ఉంది. రసంలో చక్కెర మోతాదు 18 నుంచి 20 శాతం దాకా ఉంటుంది.

బెంగళూరు బ్లూ సాధువు కాదు. కాస్త గడుసు. పండును వేళ్ల మధ్య నొక్కితే తొక్క ఒకవైపు, జిగట గుజ్జు మరోవైపు విడిపోతాయి. గుజ్జు తియ్యగా ఉన్నా తొక్క దగ్గర వగరు, గింజ దగ్గర పులుపు తగులుతాయి. చక్కెర 16 నుంచి 18 శాతం. వాసన మాత్రం ఘాటు. ద్రాక్ష రుచి చాక్లెట్లు, శీతల పానీయాల్లో వచ్చే వాసన గుర్తుందా? దాదాపు అదే. మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం దీనికి మూలం. పాశ్చాత్య రుచి నిపుణులు దీన్ని 'నక్క వాసన' అని ఈసడించుకుంటారు. మన దగ్గర పిల్లలు మాత్రం 'అసలు ద్రాక్ష వాసన' అంటే ఇదే అనుకుంటారు.

సీసాలోకి వెళితే..

వైన్ లెక్క చక్కెరతో మొదలవుతుంది. పులిసేటప్పుడు చక్కెరలో సుమారు సగం ఆల్కహాల్‌గా మారుతుంది. 18 శాతం చక్కెర ఉన్న రసం నుంచి వచ్చేది 10 శాతం ఆల్కహాలే. అందుకే బెంగళూరు బ్లూతో చేసేవారు చక్కెరో, స్పిరిటో కలిపి తీపి 'పోర్టు' రకం వైన్ తయారు చేస్తుంటారు. తొక్క నుంచి ముదురు రంగు దిగడం దీనికి కలిసొచ్చే గుణం. పన్నీరు ద్రాక్ష వైన్ రంగులో తేలిక, పరిమళంలో మిన్న.

ప్రపంచం మెచ్చే ఎర్ర వైన్ ద్రాక్షలు వేరు. నంది కొండల దగ్గర పెంచుతున్న కేబర్నే సావిన్యాన్, షిరాజ్ అలాంటివే. కేబర్నే పండు చిన్నది, తొక్క మందం. నాలుకను పట్టేసే వగరు దాని సొత్తు. షిరాజ్‌లో మిరియాల వాసన తొంగి చూస్తుంది. మిరియాల్లో ఉండే రొటుండోన్ అనే పదార్థమే దానిలోనూ ఉండటం ఇందుకు కారణం. వీటి పక్కన నిలబెడితే పన్నీరు, బెంగళూరు బ్లూ పల్లెటూరి బంధువుల్లా కనిపిస్తాయి.

ఇసబెల్లాకు అవమానం కూడా కొత్త కాదు. వైన్ ఉత్పత్తి మితిమీరిపోయిందంటూ 1934లో ఫ్రాన్స్ ఆరు రకాల ద్రాక్షను నిషేధించింది. వాటిలో ఇసబెల్లా ఒకటి. అక్కడ వెలివేసిన పండే ఇక్కడ గుర్తింపు తెచ్చుకుంది.

ఇంతా చదివి ఇంట్లోనే వైన్ పెడదామనుకుంటే చిక్కే. తమిళనాడు మద్యనిషేధ చట్టం (1937) ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. పులియని రసానికి ఏ అడ్డూ లేదు. కాచి వడగట్టే రసానికి బెంగళూరు బ్లూ మేలు. వేడి చేసినా దాని వాసన నిలుస్తుంది. పన్నీరును కాచకుండా అప్పటికప్పుడు పిండుకుంటేనే గులాబీ దక్కుతుంది.

గింజే శత్రువు

రెండు రకాల మధ్య పోటీ అనుకుంటే పొరపాటు. రెండింటికీ అసలు పోటీ గింజలేని ద్రాక్షతోనే. అంగట్లో 'సీడ్‌లెస్' అన్న మాటకు ఉన్న గిరాకీ వాసనకు లేదు. పైగా బెంగళూరు శివార్లలో ఒకప్పటి తోటల చోట లేఅవుట్లు లేచాయి. బెంగళూరు బ్లూకు పక్షికన్ను తెగులును తట్టుకునే శక్తి ఉన్నా, బూజు తెగులుకు లొంగిపోతుంది. పన్నీరుకు బూజుతో పాటు తుప్పు తెగులు బెడద కూడా ఉంది. వాన పడితే చాలు, రైతు మందు డబ్బా భుజాన వేసుకోవాల్సిందే. అంత కష్టపడి పండించింది 'గింజలున్నాయి, వద్దు' అన్న ఒక్క మాటతో బండి మీద మిగిలిపోతే నష్టం దళారికి కాదు, తోటకు.

కొనేటప్పుడు..

* గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకోండి. గులాబీ వాసన వస్తే పన్నీరు, చాక్లెట్ ఘాటు వస్తే బెంగళూరు బ్లూ.
* పండు మీద తెల్లటి పొడి కనిపిస్తే భయం వద్దు. అది సహజమైన మైనపు పూత. మందు ఆనవాళ్లు ఉండొచ్చు కాబట్టి కడిగే తినాలి.
* మామిడిలా మాగబెడితే తీపెక్కే పండు కాదిది. కోశాక ద్రాక్ష పండదు. పుల్లనిది ఇంటికి తెచ్చినా పుల్లగానే ఉంటుంది.
* కాడ పచ్చగా ఉంటే తాజా సరుకు. ఎండి గోధుమ రంగుకు తిరిగితే కోసి రోజులైనట్టే.

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తాలూకా ఇది. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం ఇక్కడ మామూలే. పండ్ల బండి దగ్గరా రెండు పేర్లు నేర్చుకోవడం కష్టమేం కాదు. ఈసారి 'గింజలున్నాయా?' అని కాక 'పన్నీరా, బెంగళూరా?' అని అడిగి చూడండి. అడిగేవారుంటే అమ్మేవారూ వేరుచేసి పెడతారు. పండించేవారికీ ఆ పేరుకు తగ్గ ధర అడిగే ధైర్యం వస్తుంది.