సోలార్ ప్యానెల్ కొంటున్నారా? ముందు కరెంటు బిల్లు తీయండి

ఈమధ్య ఏ ఊరికి వెళ్లినా సోలార్ మాటే. కోతలై, ధాన్యం డబ్బులు చేతికొచ్చే వేళకి బైకుల మీద ఏజెంట్లు దిగుతున్నారు. 'మూడు కిలోవాట్లు పెట్టించుకోండి. 78 వేలు సబ్సిడీ. ఇక జన్మలో బిల్లు రాదు' అంటారు. ఒకాయన మోనో గొప్పదంటాడు. ఇంకొకాయన టాప్‌కాన్ అంటాడు. మరొకాయన రెండువైపులా పనిచేసేది చూపిస్తాడు. వినే రైతుకి తల తిరుగుతుంది. చివరికి ఎవరి ప్యానెల్ పెద్దగా మెరుస్తూ కనబడితే వాళ్లకే అడ్వాన్సు ఇస్తున్నారు.

ఎకరా, రెండెకరాలున్న కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు. ఒక పంట మిగులంతా మేడమీద పెట్టినట్టే. కాబట్టి ప్యానెళ్లను ఎలా పోల్చి చూడాలో, ఎవరికి లాభమో, ఎవరికి తొందర అక్కర్లేదో తెలుసుకుందాం.

బిల్లుతోనే మొదలు

ప్యానెల్ రకం తర్వాతి సంగతి. ముందుగా గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి, నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తాయి. వేసవిలో కాస్త ఎక్కువ, ముసురు పట్టిన రోజుల్లో బాగా తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4.50. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. అంటే కింది యూనిట్లు చవక, పై యూనిట్లు ఖరీదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

నెలకు 200 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. యూనిట్ల చార్జీ 867 రూపాయలు అవుతుంది. ఒక కిలోవాటు పెడితే 120 యూనిట్లు తగ్గి, మిగిలిన 80 యూనిట్లకు 214.50 కట్టాలి. నెలకు సుమారు 652 రూపాయలు మిగులు. రెండో కిలోవాటు కూడా పెడితే ఆ 214.50 కూడా పోతుంది. చూశారా? మొదటి కిలోవాటు 652 మిగిలిస్తే, రెండోది 214 మాత్రమే మిగిల్చింది. మొదటిది ఖరీదైన యూనిట్లను కొట్టేస్తుంది, రెండోది చవక యూనిట్లను కొట్టేస్తుంది. మూడోది పెడితే ఆ కరెంటు మీరు వాడేది కాదు, లైనుకు పోయేది. మిగులు కరెంటుకు విద్యుత్ సంస్థ లెక్కకట్టి ఇచ్చే ధర మీరు కట్టే పై శ్లాబు ధరకు సరితూగదు.

కిలోవాటుకు అన్నీ కలిపి 65 వేలు ఖర్చు అనుకుంటే, 30 వేలు సబ్సిడీ పోను 35 వేలు మీ చేతినుంచి పడుతుంది. పై ఇంట్లో మొదటి కిలోవాటు సొమ్ము నాలుగున్నరేళ్లలో తిరిగొస్తుంది. రెండో కిలోవాటుకు పదమూడేళ్లు దాటుతుంది. నెలకు 100 యూనిట్లే కాలే ఇంటికి ఒక్క కిలోవాటు సొమ్ము రావడానికే తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. బిల్లులో సర్దుబాటు చార్జీలు, సుంకం కూడా ఉంటాయి గనుక ఈ గడువు కొంత తగ్గవచ్చు. స్థిర చార్జీ మాత్రం సోలార్ పెట్టినా కట్టాల్సిందే.

ఉచిత కరెంటు పొందుతున్న ఇళ్లవారు ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లే కట్టని ఇంటికి సొంత డబ్బుతో సోలార్ పెడితే మిగిలేదేముంది? ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు తమకు వర్తించే రాయితీలేమిటో విద్యుత్ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే దిగాలి. పొలం మోటారు కనెక్షన్ వేరు, ఇంటి కనెక్షన్ వేరు. ఇంటి మీద పెట్టిన సోలార్ మోటారు బిల్లును తగ్గించదు.

బస్తా ధర కాదు, సత్తువ ధర

ఎరువు కొనేటప్పుడు బస్తా సైజు చూసి కొనం. అందులో నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని అంకెలు చూస్తాం. ప్యానెల్ కూడా అంతే. వెనకవైపు అంటించిన లేబుల్ మీద వాట్లు రాసి ఉంటాయి. ధరను వాట్లతో భాగించి, వాటుకు ఎంత పడిందో చూడండి.

లెక్క కోసం చెబుతున్నా. 335 వాట్ల ప్యానెల్ 8,710 రూపాయలు, 545 వాట్లది 13,625 రూపాయలు అన్నారనుకోండి. చూడ్డానికి మొదటిది చవక. కానీ వాటుకు అది 26 రూపాయలు, రెండోది 25 రూపాయలు. పైగా కిలోవాటుకు చిన్నవి మూడు కావాలి, పెద్దవి రెండు చాలు. స్టాండు, బిగింపు ఖర్చు కూడా తగ్గుతుంది. అయితే పెద్ద ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, 27, 28 కిలోల బరువు ఉంటుంది. ఇరుకు మెట్ల మీదుగా మేడమీదకు ఎక్కించగలరా అనేది కూడా చూసుకోవాలి.

పాలీ, మోనో, టాప్‌కాన్

నీలంగా, ముక్కలు ముక్కలుగా మెరిసేది పాలీ. పాత రకం. పడిన ఎండలో 17 శాతం దాకా కరెంటుగా మారుస్తుంది. నల్లగా ఉండేది మోనో. అందులో 'మోనో పెర్క్' రకం 20, 21 శాతం ఇస్తుంది. 'టాప్‌కాన్' అనేది దానికంటే కొత్తది, 22 శాతం దాకా ఇస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు. వెయ్యి వాట్ల పాలీ అయినా, వెయ్యి వాట్ల టాప్‌కాన్ అయినా వెయ్యి వాట్లే. శాతం ఎక్కువైతే తక్కువ స్థలంలో సరిపోతుంది, అంతే. మేడ మీద చోటు దండిగా ఉన్నవారు శాతం కోసం ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. నీళ్ల ట్యాంకు, మెట్ల గది పోను చోటు తక్కువగా ఉన్నవారికి శాతం ముఖ్యం. కిలోవాటుకు నడవడానికి, కడగడానికి దారితో కలిపి వంద చదరపు అడుగులు ఉంచుకోండి.

ఎండ వేరు, వేడి వేరు

లేబుల్ మీద రాసిన వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మన వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాలుతుంది. వేడి పెరిగేకొద్దీ కరెంటు తగ్గుతుంది. డిగ్రీకి పాలీ సుమారు 0.40 శాతం, మోనో పెర్క్ 0.35 శాతం, టాప్‌కాన్ 0.30 శాతం నష్టపోతాయి. 65 డిగ్రీల దగ్గర వెయ్యి వాట్ల పాలీ 840కి, మోనో 860కి, టాప్‌కాన్ 880కి దిగుతాయి. తేడా ఉంది గానీ ఏజెంటు చెప్పినంత లేదు. వాటుకు రూపాయి, రూపాయిన్నర తేడాలో టాప్‌కాన్ దొరికితే తీసుకోండి. అంతకు మించితే మోనో పెర్క్ చాలు. ఏ రకమైనా శ్లాబుకు ఆనించి పెట్టకుండా కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి.

రెండువైపులా పనిచేసే బైఫేషియల్ ప్యానెల్ కింది నుంచి తిరిగొచ్చే వెలుతురును కూడా వాడుకుంటుంది. మేడకు తెల్లసున్నం వేసి, నాలుగైదు అడుగుల ఎత్తున బిగిస్తే కొంత లాభం. నల్లబారిన శ్లాబు మీద అడుగు ఎత్తున పెడితే ఆ లాభం నామమాత్రమే. దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

సబ్సిడీ మింగేసే తేడా

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 2026-27 వరకు అమలుకు కేంద్రం ఆమోదం ఇచ్చింది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు సబ్సిడీ. అన్నీ కలిపితే 78 వేలకు మించదు. ఈ సొమ్ము పని పూర్తయి, అధికారుల తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందుగా మొత్తం సొమ్ము గానీ, బ్యాంకు రుణం గానీ మీరే చూసుకోవాలి.

దీనికి ఒక షరతు ఉంది. ప్యానెల్ మాత్రమే కాదు, అందులోని సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. దీన్నే 'డీసీఆర్' ప్యానెల్ అంటారు. విదేశీ సెల్‌తో ఇక్కడ అతికించిన ప్యానెల్ చవకగా వస్తుంది, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కానీ దానికి సబ్సిడీ రాదు. నాకు తెలిసిన ఒక రైతు వాటుకు ఏడెనిమిది రూపాయలు తగ్గిందని సంబరపడి నాన్-డీసీఆర్ పెట్టించుకున్నాడు. సబ్సిడీకి వెళ్తే కాగితాలు చెల్లలేదు. రెండు కిలోవాట్లకు తగ్గింది పదిహేను వేలు, పోయింది అరవై వేలు. అందుకే బిల్లు మీద 'డీసీఆర్' అని రాయించుకుని, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరూ అందులో ఎక్కించమనండి. ప్యానెల్ కేంద్రం ఆమోదించిన ఏఎల్‌ఎంఎం జాబితాలో ఉండాలి, దాని మీద బీఐఎస్ గుర్తు ఉండాలి.

ఉప్పు గాలి, పశువుల శాల

ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి ప్యానెల్ అంచులు, లోపలి తీగలు పాడవుతాయి. అలాంటిచోట ఐఈసీ 61701 అనే ఉప్పుగాలి పరీక్ష నెగ్గిన ప్యానెల్ కావాలి. పశువుల శాల మీద గానీ, కోళ్ల షెడ్డు మీద గానీ పెడితే పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా వాయువు దెబ్బ తీస్తుంది. దానికి ఐఈసీ 62716 పరీక్ష ఉంది. ప్యానెల్‌తో వచ్చే వివరాల కాగితంలో ఈ నంబర్లు ఉన్నాయో లేదో చదివించుకోండి.

2014లో హుద్‌హుద్‌నీ, 2018లో తిత్లీనీ చూసిన జిల్లా మనది. కొబ్బరి చెట్లే కూలిన గాలికి వదులుగా బిగించిన ప్యానెల్ ఆగుతుందా? స్టాండు గంటకు 150 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా, జింకు పూత పూసిన ఇనుముతో ఉండాలి. రంగు వేసిన మామూలు ఇనుము మూడేళ్లకే తుప్పు పడుతుంది. రేకుల ఇల్లు, పెంకుటిల్లు అయితే రేకు మీద, పెంకు మీద బరువు మోపకూడదు. గోడల మీద ఆనే స్టాండు వేయగలరేమో ఇంజినీరుతో చూపించుకోవాలి. ప్యానెళ్లకు ఎర్తింగ్, పిడుగు నివారణ కడ్డీ తప్పనిసరి.

నీడ, దుమ్ము, కరెంటు కోత

ప్యానెళ్లను ఒకదాని వెంట ఒకటి గొలుసులా కలుపుతారు. ఒక్కదాని మీద నీడ పడినా గొలుసు మొత్తం దిగుబడి తగ్గుతుంది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడు గంటలకు మేడ ఎక్కి వేప, కొబ్బరి, ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. ముఖం దక్షిణానికి, వాలు సుమారు 15 డిగ్రీలు ఉండాలి. నూర్పిడి రోజుల్లో కళ్లం దుమ్ము పడుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే మంచినీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. కాలిన ప్యానెల్ మీద చల్లనీళ్లు పోయకూడదు. దాని మీద కాలు అసలే పెట్టకూడదు. లోపల సెల్ చిట్లితే కంటికి కనబడదు, దిగుబడి మాత్రం పోతుంది.

ఇంకో మాట. సబ్సిడీతో ఎక్కువగా పెడుతున్న ఆన్‌గ్రిడ్ పద్ధతిలో లైను కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగుతుంది. 'కోతలోనూ ఫ్యాను తిరుగుతుంది' అని ఎవరైనా చెబితే, బ్యాటరీ ఉందా, దాని ఖరీదెంత అని నిలదీయండి.

అడ్వాన్సు ఇచ్చేముందు

ఈ ప్రశ్నలకు నోటి మాట కాదు, కాగితం మీద జవాబు తీసుకోండి.

* ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు ఎంత? వాటుకు ధర ఎంత?
* డీసీఆర్ రకమేనా? సీరియల్ నంబర్లు బిల్లులో రాస్తారా?
* తయారీ లోపాలకు వారంటీ ఎన్నేళ్లు? (10, 12 ఏళ్లు ఉండాలి.) 25 ఏళ్లకు ఎంత శాతం దిగుబడికి హామీ? (80 శాతానికి తగ్గకూడదు.)
* ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు? చెడిపోతే బాగుచేసే మనిషి ఏ ఊళ్లో ఉంటాడు?
* అయిదేళ్ల నిర్వహణ ధరలో కలిసే ఉందా?
* నెట్ మీటరు, స్టాండు, ఎర్తింగ్, తీగల ఖర్చు కలిపి చెప్పిన ధరేనా?
* వ్యాపారి పేరు పథకం పోర్టల్‌లో నమోదై ఉందా?

పక్కపక్కన ఇద్దరు వ్యాపారుల కాగితాలు పెట్టుకుని, మీ పన్నెండు నెలల బిల్లులతో సరిచూడండి. చదువుకున్న పిల్లలుంటే వాళ్లను కూర్చోబెట్టుకోండి. రుణం తీసుకుంటే నెల వాయిదా, నెలకు మిగిలే బిల్లు కంటే ఎంత ఎక్కువో చూసి, ఆ తేడా పంట పోయిన ఏడాదిలో కూడా కట్టగలరా అని ఆలోచించండి. కట్టగలమనుకుంటే ఒక కిలోవాటుతో మొదలుపెట్టండి. తర్వాత పెంచే ఉద్దేశం ఉంటే దానికి తగ్గ ఇన్వర్టర్ సంగతి ముందే మాట్లాడుకోండి. ప్యానెల్ పాతికేళ్లు మేడ మీద ఉంటుంది. దాన్ని ఎంచుకోవడానికి పదిహేను రోజులు పట్టినా నష్టం లేదు.