ట్రాక్టరు కండెన్సరును ఎచట నిలుపవలెను?

చల్లని క్యాబిను గల ట్రాక్టర్లును, వరికోత యంత్రములును ఇటీవల మన పొలములలో కనబడుచున్నవి. ఇవి ధనవంతుల విలాసములని కొందరు సభ్యుల యభిప్రాయము. కాని యాసంగి కోతలు సాగు ఏప్రిల్, మే మాసములలో ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. దానికి ఇంజను వేడిమియు, పొట్టును, దుమ్మును తోడగును. ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు పీఠముపై కూర్చుండు డ్రైవరునకు వడదెబ్బ ప్రాణాపాయకరము. మధ్యతరహా, భారీ లారీలలో డ్రైవరు క్యాబిను చల్లగా నుండవలెనని కేంద్ర ప్రభుత్వము చేసిన నియమము 2025 నుండి తయారగు బండ్లకు వర్తించుచున్నది. ఆ నియమము పొలపు యంత్రములకు చెందకపోయినను, దానికి గల కారణము మాత్రము మన పొలములలోను ఉన్నది.

అయితే ఈ చల్లదనమంతయు ఒక పలుచని జాలీపై ఆధారపడియున్నది. దానినే కండెన్సరు అందురు. అది సాధారణముగా బండి ముందుభాగమున, దెబ్బ తగులుటకు మిక్కిలి అనువైన చోట ఉండును. దానిని వేరొక చోటికి మార్చవచ్చునా, మార్చిన ఏ జాగ్రత్తలు వలయును అను విషయమును మేము ఇచట వివరింపదలచితిమి.

మొదట యంత్రము పనిచేయు విధము తెలిసికొనవలెను. ఇంజను పట్టీతో తిరుగు కంప్రెసరు వాయువును బలముగా అదుముటచే అది కాగిపోవును. ఆ కాగిన వాయువు కండెన్సరు గొట్టములలో ప్రవహించుచు, తన వేడిని బయటి గాలికిచ్చి ద్రవమగును. ఆ ద్రవము తేమను పీల్చు డ్రయ్యరు డబ్బాగుండా పోయి, సన్నని కవాటము దాటి, క్యాబినులోని చల్లని జాలీలో మరల ఆవిరియగును. ద్రవము ఆవిరి యగునపుడు చుట్టునున్న వేడిని లాగుకొనును. మట్టికుండలోని నీరు చల్లబడుటకును ఇదియే కారణము. కావున క్యాబినులోనుండి తీసిన వేడినంతయు బయట పారవేయు ద్వారము కండెన్సరే. ఆ ద్వారము మూసికొనిపోయిన లోపల చల్లదనముండదు.

అనేక ట్రాక్టర్లలో కండెన్సరు రేడియేటరునకు ముందు అమర్చబడియుండును. ఇంజను ఫ్యాను లాగు గాలి మొదట కండెన్సరును, పిదప రేడియేటరును దాటును. ఒక్క ఫ్యానుతో రెండు పనులు జరుగుట తయారీదారునకు లాభమే. కాని గౌరెల్లి, బాచారం వంటి మూసీ తీర గ్రామముల మళ్లలో వరి కోయునపుడు పొట్టు, తాలు, గడ్డినుసి ఆ జాలీ రేకుల నడుమ చేరి చాపవలె అల్లుకొనును. అపుడు క్యాబిను చల్లబడకపోవుటయే కాక, రేడియేటరునకు గాలి తగ్గి ఇంజను కూడ కాగిపోవును. కోత నడుమ యంత్రము నిలిచి, ఆ సాయంత్రమే అకాలవర్షము కురిసినచో నష్టపోవునది డ్రైవరు కాదు, మడి యజమాని. మెట్ట చల్కాలలో ఎగిరిపడు రాళ్లును, సర్కారు తుమ్మ కంపయు ఈ మెత్తని అల్యూమినియపు గొట్టములకు శత్రువులే.

ఇందులకు మొదటి ఉపాయము స్థానము మార్చుట కాదు, శుభ్రపరచుట. ప్రతి సాయంత్రము ఇంజను ఆర్పి చల్లారిన పిదప, ఇంజను వైపునుండి ముందునకు గాలి ఊదవలెను. ముందునుండి ఊదిన చెత్త ఇంకను లోపలికి పోవును. అధిక ఒత్తిడితో నీరు కొట్టిన రేకులు వంగి గాలి దారి మూసికొనును. జాలీకి ముందు, సులభముగా తీసి దులుపుటకు వీలగు సన్నని తీగవల అమర్చుట మంచిది. ఇంతమాత్రముననే అనేక యంత్రముల బాధ తీరును. ఇట్లు చేసినను దినమునకు పలుమారులు మూసికొనుచున్ననో, రాతిదెబ్బలకు మరల మరల చిల్లులు పడుచున్ననో అపుడు స్థానము మార్చు సంగతి ఆలోచింపవలెను.

యంత్రభాగమునకు స్థానము దైవనిర్ణీతము కాదు. 1940 నాటి ప్యాకార్డ్ కారులో చల్లని జాలీని వెనుక పీఠము వెనుక నుంచిరి. సామాను పెట్టెలో చాల భాగమును అదియే ఆక్రమించెను. 1954లో న్యాష్ కంపెనీవారు పరికరములన్నిటిని బండి ముందుభాగమునకే చేర్చిరి. ఆనాటి నుండి కారులకు ఆ పద్ధతి స్థిరపడినది. బాటపై పోవు కారునకు తగిన చోటు బురదలో తిరుగు యంత్రమునకు తగునన్న నియమమేమియు లేదు.

వరిపొలమున పనిచేయు యంత్రమునకు కండెన్సరును క్యాబిను పైకప్పుపై, ప్రత్యేకమైన విద్యుత్ ఫ్యానులతో నిలుపుట మేలు. అచట పొట్టు తక్కువ, రాతిదెబ్బ లేదు, రేడియేటరు దారియు తెరపియగును. కాని మామిడితోటలో దున్ను ట్రాక్టరునకు ఇదే చోటు కీడు చేయును. వంగిన కొమ్మలు మొదట తాకునది కప్పునే. అట్టి బండికి క్యాబిను వెనుక గోడపై, ఎత్తున, ఇనుప కడ్డీల రక్షణలో ఉంచుట యుక్తము. అయితే వెనుక తిరుగు రోటవేటరు లేపు ధూళి అచటికి వచ్చును గనుక తీగవల తప్పదు. భాగమును కదల్చినపుడు ఒక శత్రువునుండి తప్పించి వేరొక శత్రువునకు ఎదురుగా నిలుపుచున్నామని మరువరాదు. కావున ఆ బండి సంవత్సరములో ఎక్కువ దినములు ఏ పని చేయునో లెక్కించి, ఆ పనికి తగిన చోటే కోరవలెను.

చోటు నిర్ణయించిన పిదప గమనింపవలసిన సంగతులు నాలుగు కలవు.

మొదటిది విద్యుత్తు. 100 వాట్ల ఫ్యాను 12 వోల్టులపై ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగును. రెండు ఫ్యానులు పెట్టిన, 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు శక్తిలో ఇంచుమించు సగము వీనికే పోవును. దీపములు, క్యాబినులోని ఫ్యాను మిగిలిన దానిపై నడువవలెను. చాలనిచో పెద్ద ఆల్టర్నేటరు వేయవలెను. ప్రత్యేకమైన రిలేయు, ఫ్యూజును లేక తీగ కలుపరాదు.

రెండవది గొట్టములు. దారి పెరిగినకొలది గొట్టము పొడవగును. వాయువును, నూనెను ఆ మేరకు తూకముతో హెచ్చింపవలెను. కాగిన వాయువు కండెన్సరు పైభాగమున ప్రవేశించి, ద్రవము అడుగున వెలువడునట్లు అమర్చవలెను. గొట్టములు నడుమ క్రిందికి వ్రేలాడిన నూనె అచట నిలిచి కంప్రెసరు ఎండిపోవును. డీజిలు గొట్టములకును, పదునైన రేకుల అంచులకును వానిని తాకనీయరాదు.

మూడవది బిగింపు. గట్లు దాటునపుడు బండి చట్రము మెలితిరుగును. ఆ మెలిక జాలీకి చేరకుండ దానిని ప్రత్యేకమైన గట్టి చట్రమున నిలిపి, రబ్బరు దిండ్లపై బిగింపవలెను. బండి బోల్తాపడినపుడు డ్రైవరును కాపాడు స్తంభములకు రంధ్రములు పెట్టుటగాని, వెల్డింగు చేయుటగాని కూడదు. చల్లదనము కొరకు ప్రాణరక్షణను బలహీనపరచుట అవివేకము.

నాలుగవది వాయువు. అనేక బండ్లలో వాడు ఆర్-134ఎ అను వాయువు బయటి గాలిలో సున్నకు 26 డిగ్రీల దిగువననే మరిగిపోవును. చేతికి తగిలిన మంచుపుండు కలుగును. ఆకాశమునకు వదలిన ఒక కిలో వాయువు భూమిని వేడిచేయుటలో సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము. ఇట్టి వాయువుల వాడుకను తగ్గించుటకై 2016లో కుదిరిన కిగాలీ ఒప్పందమును మన దేశము 2021లో ఆమోదించినది. కావున గొట్టము విప్పి వాయువును వదలక, దానిని తిరిగి పట్టు యంత్రముగల పనివానిచేతనే ఈ పని చేయింపవలెను. వాయువున్న గొట్టము దగ్గర వెల్డింగు చేసిన విషవాయువులు పుట్టును. చిల్లుల పరీక్షకు గాలి కాక పొడి నైట్రోజను వాడవలెను. గొట్టములు విప్పినపుడెల్ల డ్రయ్యరు డబ్బాను మార్చి, వాక్యూము పంపుతో తేమను, గాలిని పూర్తిగా లాగి, ఆ శూన్యము నిలుచుచున్నదని చూచిన తరువాతనే క్రొత్త వాయువు నింపవలెను. ఈ క్రమమును ఆదాచేయుటకై దాటవేసినచో కంప్రెసరు చెడి, పొదుపునకు పదింతల ఖర్చు తగులును.

వారంటీ గడువు తీరని బండికి ఈ మార్పు చేయుటకు ముందు తయారీదారుని అనుమతి వ్రాతమూలముగా పొందవలెను. పని ముగిసిన పిదప మధ్యాహ్నపు ఎండలో ఒక గంట బరువుపనిలో నడిపి, ఇంజను వేడిమిని, ఫ్యానులను, గొట్టముల రాపిడిని పరీక్షింపవలెను. బండి ఎత్తు పెరిగినది గనుక పొలముపై వ్రేలాడు విద్యుత్ తీగలను గూర్చి డ్రైవరును హెచ్చరింపవలెను.

ఒక్క రైతు తన ఒక్క బండికై ఇన్ని పరికరములు సమకూర్చుకొనుట కష్టము. అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరముల యంత్ర యజమానులైన సభ్యులు కలిసి, కోతలకు రెండు మాసముల ముందుగనే పనివానిని కుదుర్చుకొని, ఒకే తడవ అన్ని బండ్లను చూపించినచో ఖర్చు పంచుకొనబడును, పనియు నెమ్మదిగా, సక్రమముగా జరుగును. మార్పు అక్కరలేని బండి ఏదియో, అక్కరగలది ఏదియో కూడ అపుడే తేలును. కోతలు వచ్చిన పిదప వరి పండుట ఆగదు, పనివాడును దొరకడు. కావున ఈ సంగతిని రాబోవు సంఘసమావేశమున సభ్యులు చర్చింపగోరుచున్నాము.