ఐపీ పెట్టినా అక్కరకు నాలుగు రూకలు
వలస దారిలో పొదుపు సొమ్ము అందుకునేదెలా?

తనకల్లు: బోరు ఎండింది. చెనిక్కాయ చెట్టుకు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. బ్యాంకులో పంట రుణం, ఇంకో బ్యాంకులో బంగారం తాకట్టు, ఊళ్లో నోటు రాసిచ్చిన బాకీలు. చివరకు రైతు ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సెక్కుతాడు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన చూడని అనంతపురం మెట్టప్రాంతంలో ఇది కొత్త కథ కాదు. 2022 ఏప్రిల్‌లో తనకల్లు మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. జిల్లా మారినా కరువు మారలేదు.

ఇలా వెళ్లేవారిలో చాలామంది చేసే పని ఒకటుంది. ఖాతాలో వేస్తే బాకీ కింద పోతుందన్న భయంతో మిగిలిన నాలుగు రూకలూ రొండిన కట్టుకుని పోతారు. బస్టాండులో ముల్లె పోతే, పనిచేసే చోట కాలు విరిగితే, ఆనాడు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఈ భయంలో ఎంత నిజముందో, ఎంత అపోహ ఉందో తెలుసుకోవటం అవసరం.

'ఐపీ' అంటే ఏమిటి?

'ఫలానావాడు ఐపీ పెట్టాడు' అన్న మాట మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకు అది పొట్టి రూపం. బాకీలు తీర్చలేని వ్యక్తి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టును ఆశ్రయించటమే ఐపీ. బాకీలు 500 రూపాయలకు చేరితే చాలు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. దివాలా తీసినట్లు కోర్టు ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికి గానీ, రిసీవరు చేతికి గానీ పోతుంది. వారు దాన్ని అప్పులవాళ్లకు పంచుతారు.

దరఖాస్తులో ఆస్తులు, బాకీలు అన్నీ చూపాలి. పొదుపు ఖాతా కూడా చూపాలి. దాచితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. విముక్తి ఉత్తర్వు వచ్చేలోగా కొత్తగా చేరిన ఆస్తీ ఇదే లెక్కలోకి వస్తుంది. గడువులోగా విముక్తికి దరఖాస్తు పెట్టుకోకపోతే దివాలా ఉత్తర్వే రద్దు కావచ్చు. కనుక బెంగుళూరులో ఉన్నా, కేరళలో ఉన్నా వాయిదా తేదీలు మరవరాదు.

మరో చిక్కు కూడా ఉంది. విముక్తి పొందని వ్యక్తి తన సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే. దారిలో ఆపద వస్తే కొత్త అప్పు పుట్టటం కష్టం. అందుకే చట్టం ఒప్పుకున్న కొద్దిపాటి సొమ్మైనా చేతికందేలా ఉండాలి.

జప్తు చేయరానివి

బాకీపడ్డవాడిని కట్టుబట్టలతో రోడ్డున పడేయమని చట్టం చెప్పదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నింటిని జప్తు నుంచి మినహాయించింది. వంటపాత్రలు, పడకలు, బట్టలు, ఆచారం ప్రకారం స్త్రీ తీయరాని ఆభరణాలు, సేద్యగాడి పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు, రైతు కాపురముండే ఇల్లు ఆ కోవలోనివి. కూలివాడి వేతనం, జీవిత బీమా పాలసీ సొమ్ము, ప్రావిడెంట్ ఫండు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. దివాలా కేసులోనూ వీటికి మినహాయింపు ఉంటుంది. కానీ రైతు తానే తనఖా పెట్టిన ఇంటికి ఈ రక్షణ ఉంటుందని ధీమా పడరాదు.

బెంగుళూరు ఫ్యాక్టరీలో చేరినవారు పీఎఫ్ ఖాతా సంఖ్య రాసిపెట్టుకోవాలి. జబ్బు చేసినప్పుడు అందులోంచి కొంత తీసుకునే వీలుంది.

బాకీ తీర్చలేకపోతే జైలుకు పంపుతారన్న బెదిరింపులూ వినపడుతుంటాయి. తీర్చే స్తోమతు లేకపోవటం ఒక్కటే జైలుకు కారణం కారాదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సొమ్ము ఎక్కడ ఉంచాలి?

ఐపీ దాకా పోని రైతులే ఎక్కువ. వారికి ఒక మాట. పొదుపు ఖాతా బాకీ ఉన్న బ్యాంకులోనే ఉంటే, గడువు దాటిన బాకీ కింద ఆ సొమ్మును సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంది. రైతుల భయానికి మూలం ఇదే. దీనికి విరుగుడు డబ్బు మొలన కట్టుకోవటం కాదు, బాకీ లేని చోట ఖాతా తెరవటం. తపాలా కార్యాలయం అందుకు అనువైన చోటు. అక్కడ 1882 నుంచీ పొదుపు బ్యాంకు నడుస్తోంది. కోర్టు జప్తు ఉత్తర్వు వస్తే మాత్రం ఆ ఖాతాకూ మినహాయింపు లేదు.

ఎక్కువ వడ్డీ ఆశ చూపే ప్రైవేటు డిపాజిట్ల జోలికి పోరాదు. అగ్రిగోల్డ్‌లో కూడబెట్టినవారికి అవసరానికి రూపాయి చేతికి రాలేదు. 10 వేల రూపాయల లోపు డిపాజిట్‌దారులకు ప్రభుత్వం చెల్లింపు మొదలుపెట్టేసరికి 2019 నవంబరు వచ్చింది. అదే బ్యాంకు అయితే, అది మూతపడ్డా 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్లకు బీమా ఉంది.

పరాయి ఊళ్లో తీసుకునేదెలా?

ఒకప్పుడు మనియార్డరే దిక్కు. ఇప్పుడు తపాలా పొదుపు ఖాతాకు ఇచ్చే ఏటీఎం కార్డు ఇతర బ్యాంకుల యంత్రాల్లోనూ పనిచేస్తుంది. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కరలేదు, రూపే కార్డు ఇస్తారు. కార్డు లేనివారు ఆధార్ కలిపిన ఖాతా నుంచి వేలిముద్రతో విడతకు 10 వేల రూపాయల వరకు తీసుకోవచ్చు. బ్యాంకు ప్రతినిధులు, తపాలా సిబ్బంది ఈ చెల్లింపు చేస్తారు.

కానీ బేల్దారి పనిలో సిమెంటు కలిపే చేతులకు ముద్రలు అరిగిపోతాయి. యంత్రం వేలిని గుర్తించకపోతే ఖాతాలో సొమ్మున్నా చేతికి రాదు. కనుక ఒక్క వేలిముద్రనే నమ్ముకోకుండా కార్డు కూడా దగ్గర ఉంచుకోవాలి. బయలుదేరేముందు ఊళ్లోనే ఒకసారి వంద రూపాయలు తీసి చూసుకోవాలి. చాలాకాలం లావాదేవీ లేకపోతే ఖాతా స్తంభిస్తుంది. ఫోను నెంబరు మార్చినవారు ఖాతాలోనూ మార్పించుకోవాలి.

కార్డు వెనుక రహస్య సంఖ్య రాయటం, దాన్ని మేస్త్రీకి చెప్పటం చేటు. వేలిముద్ర దొంగలూ ఉన్నారు. 1947 నెంబరుకు ఫోను చేసి సలహా అడిగి ముద్రలకు తాళం వేయించుకోవచ్చు. సొమ్ము పోతే వెంటనే 1930కి చెప్పాలి.

ఇంటి పట్టున ఒక చేయి

ఊళ్లో ఉండిపోయిన ఇల్లాలు పొదుపు సంఘంలో సభ్యురాలైతే అదీ ఒక ఆసరాయే. సంఘం ఒప్పుకుంటే అంతర్గత అప్పు తీసుకుని ఖాతాలో వేయవచ్చు. అయితే అది ఆమె పేరున ఉండే బాకీ, ఆమే కట్టాలి. ఆహార భద్రత చట్టం కింద కార్డున్నవారు కర్ణాటక, కేరళ చౌకధర దుకాణాల్లోనూ బియ్యం తీసుకోవచ్చు. మిగిలిన కూలి డబ్బు అంతమేరకు నిలుస్తుంది.

తిరుగు చార్జీ, రెండు వారాల తిండి, ఒక ఆసుపత్రి చీటీ. వలసజీవికి ఈ మూడింటికీ సరిపోయే సొమ్ము ఖాతాలో ఉంటే చాలు. వాన పడిన కబురు విన్ననాడు ఎవరినీ చేయి చాచకుండా తనకల్లు బస్సెక్కవచ్చు.