యార్కుషైర్ టెర్రియర్

ఒడిలో ఇమిడిపోవు ఈ కుక్కను పలువురు అలంకార వస్తువనుకొందురు. నిజమునకు 19వ శతాబ్దమున ఉత్తర ఇంగ్లండు మిల్లులలో ఎలుకలు పట్టిన జాతి ఇది. ఆ పౌరుషము నేటికిని పోలేదు. మూడు కిలోల దేహముతో పెద్ద కుక్కలపైకి ఉరుకును.

అడుగున నూగు లేని పట్టువంటి వెండ్రుకలు నేలకు జీరాడును. దినదినము దువ్వకున్న చిక్కుపడును. ప్రదర్శనలకు పోని కుక్కకు జుట్టు పొట్టిగా కత్తిరించుటయే సుఖమని నా తలంపు.

జుట్టుకంటె మెడను గూర్చి ఎక్కువ జాగ్రత్త వలయును. ఈ జాతిలో శ్వాసనాళపు మృదులాస్థి వలయములు తరచు బలహీనముగా నుండును. మెడపట్టీకి గొలుసు తగిలించి లాగినచో నాళము అణగి, బాతు అరచినట్లు దగ్గు వచ్చును. కావున గొలుసును ఛాతీచుట్టు కట్టు పట్టీకే తగిలింపవలెను. కూనలను ఎక్కువసేపు పస్తుంచరాదు. రక్తములో చక్కెర తగ్గి సొమ్మసిల్లును.