పేలని తుపాకీతోనే అసలు ముప్పు
పంట కాపలా ఆయుధాలలో తరచూ లోపాలు.. రైతులు పాటించవలసిన జాగ్రత్తలు

నల్లమల అంచున ఉన్న మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, పుల్లలచెరువు, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాల రైతులకు అడవిపందుల బెడద కొత్త కాదు. మొక్కజొన్న, వేరుశనగ, కంది పంటలను అవి తవ్విపోస్తాయి. మిరప, పత్తి చేలను తొక్కి పాడుచేస్తాయి. వాటిని శబ్దంతో బెదరగొట్టేందుకు లైసెన్సు పొందిన ఒంటి గొట్టపు తుపాకులు కొందరు రైతుల వద్ద ఉన్నాయి. వీటిలో అధిక భాగం 19వ శతాబ్దపు ఇంగ్లీషు తుపాకుల నమూనాకు నకళ్లు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం వీటిలో తరచుగా కనిపించే లోపం. పేలలేదు కనుక ప్రమాదం తప్పిందని భావించడం సరికాదు. అసలు ప్రమాదం ఆ క్షణం నుంచే ఆరంభమవుతుంది.

రెండు రకాలు

లైసెన్సులో 'ఎస్.బి.ఎం.ఎల్.' అని ఉంటే అది గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీ. 'ఎస్.బి.బి.ఎల్.' అని ఉంటే వెనుక భాగాన్ని తెరిచి తూటా పెట్టే తుపాకీ. రెండింటిలోనూ ఒకసారి నింపితే ఒక్కసారే కాల్చగలరు. వీటి గొట్టం లోపలి భాగం నున్నగా ఉంటుంది. లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటేనే దానిని రైఫిల్ అంటారు. పల్లెల్లో అన్నింటినీ రైఫిల్ అనే పిలుస్తున్నా, చట్టం దృష్టిలో అవి వేరు, ఇవి వేరు.

నిప్పు ఎక్కడ ఆగుతుంది?

మూతి నుంచి దట్టించే తుపాకీలో సుత్తి దెబ్బకు ముందుగా క్యాపు పేలుతుంది. ఆ నిప్పురవ్వ నిప్పిల్ అనే సన్నని రంధ్రం గుండా లోపలి మందును చేరాలి. ఈ దారిలో ఎక్కడ ఆటంకం కలిగినా తుపాకీ పేలదు.

క్యాపు అసలు పేలకపోతే లోపం సుత్తి స్ప్రింగు బలహీనపడడంలోనో, క్యాపు చెమ్మగిల్లడంలోనో ఉంటుంది. మొదటి దెబ్బకు పేలక రెండో దెబ్బకు పేలుతుంటే, క్యాపు నిప్పిల్‌పై పూర్తిగా కూర్చోవడం లేదని గ్రహించాలి. మొదటి దెబ్బ బలమంతా దానిని కిందికి దింపడానికే ఖర్చవుతుంది. నకలు తుపాకులలో నిప్పిల్ కొలత కొంచెం తేడాగా ఉండడం ఇందుకు కారణం. విదేశాలలో క్రీడల కోసం కర్మాగారాలలో తయారయ్యే నకళ్లలోనూ ఈ ఇబ్బంది ఎదురవుతుంది.

క్యాపు పేలినా తుపాకీ మోగకపోతే రంధ్రం పూడుకుపోయి ఉండాలి, లేదా మందు తడిసి ఉండాలి. మందు కాలిన తరువాత మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. శుభ్రం చేయకుండా వదిలేస్తే అది గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది, రంధ్రాన్ని మూసివేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలలో ఈ సమస్య మరింత పెరుగుతుంది. తుప్పు పట్టకుండా పూసే నూనె అధికమైనా అదే ఫలితం. తూటా తుపాకులలో అయితే అరిగిన ఫైరింగ్ పిన్, చెమ్మకు ఉబ్బిన పాత తూటాలు ప్రధాన కారణాలు.

ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను పోలీసుస్టేషన్లలో అప్పగించడం ఆనవాయితీ. నెలల తరబడి వాడకుండా ఉన్న తుపాకీని తిరిగి తెచ్చుకున్న రోజే చేనుకు తీసుకువెళ్లకుండా, ముందుగా పరీక్ష చేయించడం మంచిది.

రెండోసారి నింపరాదు

నొక్కగానే పేలని తుపాకీ కొన్ని క్షణాలు ఆగి పేలవచ్చు. లోపల మందు నెమ్మదిగా రగులుతూ ఉండడమే ఇందుకు కారణం. కావున గొట్టాన్ని మనుషులు లేని దిక్కుకు తిప్పి, కనీసం ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి. మూతిలోకి తొంగిచూడరాదు. కడ్డీతో పొడవరాదు. తూటా తుపాకీని వెంటనే తెరవరాదు.

అన్నింటికన్నా పెద్ద ముప్పు రెండోసారి మందు దట్టించడం. చీకటిలో, తొందరలో మొదటి మందు లోపలే ఉన్న సంగతి మరచిపోతారు. అమెరికాలో 1863లో జరిగిన గెట్టిస్‌బర్గ్ యుద్ధం తరువాత మైదానంలో ఏరిన 27 వేలకు పైగా తుపాకులలో సుమారు 24 వేలు నింపినవి నింపినట్లే ఉన్నాయని, వాటిలో దాదాపు సగం రెండేసి సార్లు నింపినవని నమోదైంది. శిక్షణ పొందిన సైనికులే పొరపడినప్పుడు రాత్రి కాపలాదారు పొరపడడంలో వింత లేదు. రెండు మోతాదుల మందు ఒకేసారి అంటుకుంటే గొట్టం చీలి చేతులు, కళ్లు పోవచ్చు. ప్రాణాలకే ముప్పు రావచ్చు.

నాటు తుపాకులతో చేటు

లైసెన్సు గల కర్మాగారంలో తయారైన తుపాకీని అధిక ఒత్తిడితో పరీక్షించి ముద్ర వేస్తారు. దానిపై తయారీదారు పేరు, సంఖ్య ఉంటాయి. నీటి పైపులతో రహస్యంగా తయారుచేసే నాటు తుపాకులకు ఈ పరీక్ష లేదు. పైపు అతుకు, వెనుక బిగించిన మర ఎంత ఒత్తిడికి తట్టుకుంటాయో చేసినవాడికీ తెలియదు. పైకి చూస్తే అసలుకు, నకలుకు తేడా కనిపించదు. లోపమంతా కంటికి కనిపించని చోటనే ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

పంట రక్షణ కోసం మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలును 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ కల్పించింది. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకీ తయారుచేయడమే కాదు, మరమ్మతు చేయడమూ నేరమే. కనుక స్ప్రింగు, నిప్పిల్ మార్చడం వంటి పనులను ఊరి కమ్మరికి అప్పగించక, లైసెన్సు గల ఆయుధ దుకాణానికే తీసుకువెళ్లాలి. 2019 సవరణ తరువాత అక్రమ తయారీకి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగార శిక్ష విధించవచ్చు. లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంటలకు హాని చేసే అడవిపందిని కాల్చాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

కాపలాకు బయలుదేరే ముందు తుపాకీ ఖాళీగా ఉన్నదో లేదో సరిచూడాలి. తెల్లవారిన తరువాత మసి తుడిచి ఆరబెట్టాలి. పేలని తుపాకీని నింపి ఉన్న తుపాకీగానే భావించాలి. ఒక పంట పోయినా మరుసటి ఏడు మళ్లీ వేసుకోవచ్చు. పోయిన చూపు తిరిగిరాదు.