బయట నీరెండ, ఇంట్లో వణుకు: బిలాస్‌పూర్ గదుల్లో చలి ఎందుకు వదలదు?

జనవరి నెల, ఉదయం పదకొండు గంటలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ వీధిలోకి వెళ్లినా మనుషులు ముంగిళ్లలోనే కనిపిస్తారు. కుర్చీలు, నులకమంచాలు ఎండలోకి వచ్చేస్తాయి. కూరలు తరగడం, పేపరు చదవడం, పిల్లల తల దువ్వడం అన్నీ అక్కడే. శ్రీకాకుళం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన నాయనమ్మ ఎండలో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే శాలువా బిగించుకుని, "బయట కంటే లోపలే చలి ఎక్కువగా ఉందేమిట్రా?" అంటుంది. గోడకున్న థర్మామీటర్ 18 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. ఆ అంకె చూసి కొడుకు, "అంత చలేం లేదమ్మా" అంటాడు.

ఇద్దరిలో ఎవరిది నిజం? నాయనమ్మదే. థర్మామీటర్ గాలి ఉష్ణోగ్రతను చెబుతుంది. మన ఒంటికి తెలిసేది మాత్రం శరీరం నుంచి వేడి ఎంత వేగంగా పోతోంది అన్నది. ఈ రెండూ ఒకటి కావు.

తీరం వేరు, లోతట్టు వేరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ సంస్థ పట్టాలు వేసిన దారిలో బిలాస్‌పూర్ ఒక ముఖ్యమైన జంక్షన్ అయింది. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తికావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు రాకపోకలు సులువయ్యాయి. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది.

ఉత్తరాంధ్ర తీరంలో సముద్రం చలిని అదుపులో ఉంచుతుంది. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడుతుంది కాబట్టి విశాఖపట్నంలో జనవరి రాత్రులు సాధారణంగా 18 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. బిలాస్‌పూర్‌కు ఆ అండ లేదు. చలికాలంలో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి పోతుంది. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు, ఉత్తరపు గాలులు వీచే రోజుల్లో ఇంకా కిందికి దిగుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువకు పడిపోయి, అది సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉంటే భారత వాతావరణ విభాగం దాన్ని శీతగాలులుగా ప్రకటిస్తుంది.

గోడలు వేడిని లాక్కుంటాయా?

ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. అంటే ఒక పాతకాలపు బల్బు అంత. ఆ వేడి నాలుగు దారుల్లో బయటికి పోతుంది: ఒంటిని తాకే గాలి ద్వారా, నేల వంటి వస్తువులను తాకడం ద్వారా, చెమట, శ్వాసల తేమ ద్వారా, వికిరణం ద్వారా. గాలి కదలని గదిలో, పలుచటి దుస్తుల్లో ఉన్నప్పుడు వీటిలో పెద్ద వాటా వికిరణానిదే.

మన చర్మం 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ ఉన్న గోడలు 16 డిగ్రీల్లో ఉన్నాయనుకుందాం. గోడ మన వైపు పంపే పరారుణ కిరణాల కంటే మనం గోడ వైపు పంపేవి చాలా ఎక్కువ. గోడను తాకనక్కర్లేదు, దానికి ఎదురుగా ఉంటే చాలు. అందుకే గాలి కదలని గదిలో మనిషికి తెలిసే ఉష్ణోగ్రత దాదాపుగా గాలి, గోడల ఉష్ణోగ్రతల సగటు. హీటర్ పెట్టి గాలిని 22 డిగ్రీలకు తెచ్చినా, గోడలు 16 దగ్గరే ఉంటే ఒంటికి తెలిసేది 19 మాత్రమే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో ఈ విషయంపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న తలాల వికిరణం, గాలి వేగం, తేమ, దుస్తులు, మనిషి చేసే పని, ఈ ఆరూ కలిస్తేనే సుఖమో అసౌఖ్యమో తేలుతుందని ఆయన చూపారు. గోడకున్న థర్మామీటర్ ఆరింటిలో ఒక్కదాన్నే చెబుతుంది.

ఎండలో కూర్చున్నప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. సూర్యుడి నుంచి చదరపు మీటరుకు వందల వాట్ల వేడి ఒంటి మీద పడుతుంది. గాలి 20 డిగ్రీల్లోనే ఉన్నా వెచ్చగా ఉంటుంది.

ఎండాకాలం కోసం కట్టిన ఇళ్లు

మరి గోడలు అంత చల్లగా ఎందుకుంటాయి? బిలాస్‌పూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పాతకాలపు రైల్వే క్వార్టర్లను ఆ ఎండను తట్టుకునేలా కట్టారు. మందపాటి ఇటుక గోడలు, ఎత్తయిన కప్పు, నీడనిచ్చే వసారా, గాలి ఆడటానికి పైన వెంటిలేటర్లు. ఎండాకాలంలో వరమైనవే చలికాలంలో ఇబ్బంది పెడతాయి.

చిన్న లెక్క చూద్దాం. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి బరువు సుమారు 32 కిలోలు. ఆ గదికి ఉన్న ఒక్క తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బరువు దాదాపు 3,700 కిలోలు. గదిలోని గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన శక్తికి సుమారు వంద రెట్లు ఆ ఒక్క గోడకు కావాలి. 1,000 వాట్ల హీటర్ వేడి మొత్తం గాలికే చేరితే అర నిమిషంలో ఒక డిగ్రీ పెరుగుతుంది. అదే వేడి మొత్తం గోడకే చేరినా ఒక డిగ్రీకి దాదాపు గంట పడుతుంది. హీటర్ ఆపిన కాసేపటికే చలి మళ్లీ చుట్టుముట్టడానికి కారణం ఇదే. గాలి వేడెక్కింది గానీ గోడలు వేడెక్కలేదు.

ఇంత బరువున్న ఇల్లు బయటి మార్పులకు తొందరగా స్పందించదు. రాత్రి బయట 10 డిగ్రీలున్నా లోపల అంత చలి ఉండదు. మధ్యాహ్నం బయట 26 ఉన్నా లోపల అంత వెచ్చదనం ఉండదు. నాలుగు రోజులు శీతగాలులు వీస్తే గోడలు మెల్లగా చల్లబడతాయి, ఎండ వచ్చాక కూడా ఆ చల్లదనం అంత తొందరగా పోదు. పై అంతస్తులో ఉండేవారికి ఇంకో బాధ ఉంది. డాబా కాంక్రీటు కప్పు రాత్రంతా ఆకాశం వైపు వేడిని వదిలేస్తూ ఉంటుంది. తెల్లవారుజామున గదిలో అన్నిటికంటే చల్లని తలం తరచుగా అదే.

ఇక నేల. 17 డిగ్రీల గ్రానైట్ మీద వట్టి పాదం పెడితే, తాకిన చోట ఉష్ణోగ్రత దాదాపు 21 డిగ్రీలకు పడిపోతుంది. అదే 17 డిగ్రీల చెక్క పీట మీదైతే 26 దగ్గర నిలుస్తుంది. రెండూ ఒకే చల్లదనంలో ఉన్నా, రాయి వేడిని త్వరగా లాగేసుకుంటుంది.

ఒకే గదిలో ఆమెకే ఎందుకు ఎక్కువ చలి?

చలి తగలగానే శరీరం చేతులు, కాళ్లకు వెళ్లే రక్తనాళాలను కుదించి గుండె, మెదడు, కాలేయాల వేడిని కాపాడుకుంటుంది. అందుకే ముందు వేళ్లు కొంకర్లు పోతాయి. అదీ చాలకపోతే వణుకు మొదలవుతుంది. వణుకు అంటే కండరాలు వేడి పుట్టించడం. వయసు పైబడ్డాక కండరాలు తగ్గుతాయి, వణికే శక్తీ తగ్గుతుంది. కొందరు వృద్ధులకు చలి తగులుతున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది.

రక్తనాళాలు కుదించుకుంటే రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఉన్నవారికి ఇది ప్రమాదమే. మన దేశంలో 2001–2013 మధ్య జరిగిన మరణాల సమాచారాన్ని విశ్లేషించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. తీవ్రమైన చలి, తీవ్రమైన ఎండల కంటే ఓ మోస్తరు చలితో ముడిపడిన మరణాలే ఎక్కువని అది తేల్చింది. మోస్తరు చలి ఎక్కువ రోజులు ఉంటుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సమశీతోష్ణ, శీతల ప్రాంతాల ఇళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించిన కనీస ఉష్ణోగ్రత 18 డిగ్రీలు. నాయనమ్మ గది సరిగ్గా ఆ అంచున ఉంది.

ఇంట్లో మిగతావాళ్లు మామూలుగా ఉంటే ఒక్కరే రోజంతా చలి అంటుంటే, గోడలతో పాటు రక్తాన్ని కూడా పరీక్షించాలి. రక్తహీనత ఉంటే శరీరం వేడిని సరిగా నిలుపుకోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ హార్మోను తగ్గినా శరీరంలో వేడి ఉత్పత్తి తగ్గుతుంది. అలసట, బరువు పెరగడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం తోడైతే డాక్టరును కలవాలి. రెంటికీ మామూలు రక్తపరీక్షలు చాలు, రెంటికీ చికిత్స ఉంది.

తలుపులు మూసి కుంపటి పెడితే

కోర్బా బొగ్గు గనులు దగ్గరే ఉన్న ఈ ప్రాంతంలో బొగ్గు కుంపటి చలికాలపు అలవాటు. ఛత్తీస్‌గఢీలో మట్టి కుంపటిని గోర్సీ అంటారు. ముంగిట దాని చుట్టూ కూర్చుంటే ఎర్రటి నిప్పుల వికిరణం నేరుగా ఒంటిని వెచ్చబరుస్తుంది. అదే కుంపటిని పడకగదిలో పెట్టి, చలిగాలి రాకుండా కిటికీలు, వెంటిలేటర్లు మూసేస్తే ప్రాణాలు పోవచ్చు.

గాలి చాలక బొగ్గు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, ఆపై మగత. నిద్రలో ఉన్నవారికి ఈ సూచనలే తెలియవు. "పొగ పోయింది, నిప్పులే ఉన్నాయి, ఇక భయం లేదు" అనుకోవడం పెద్ద పొరపాటు. పొగ లేని నిప్పుల నుంచి కూడా ఈ వాయువు వస్తూనే ఉంటుంది. గాలి ఆడని స్నానాలగదిలో పెట్టిన గ్యాస్ గీజర్‌తోనూ ఇదే ముప్పు. ఎవరైనా మగతగా కనిపిస్తే వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయాలి.

గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచాలి

ఇటుక గోడలను వేడిచేయడం మన వల్ల కాదు, వాటికీ మనిషికీ మధ్య అడ్డు పెట్టడం మన చేతిలో పని.

• మంచాన్ని, కుర్చీని బయటి గోడకు దూరంగా, లోపలి గోడ వైపుకు జరపండి. మంచం పక్కన గోడకు మందపాటి దుప్పటి వేలాడదీసినా తేడా తెలుస్తుంది.

• డిసెంబరు, జనవరిల్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీల నుంచి ఎండ గదిలో చాలా లోపలికి వస్తుంది. పది నుంచి మూడు వరకు ఆ తెరలు తీసి ఉంచండి, పొద్దు వాలకముందే వేసేయండి. పెద్దవాళ్ల పడక ఉత్తరపు గదిలో ఉంటే చలికాలానికి దక్షిణపు గదిలోకి మార్చండి.

• నేల మీద జంపఖానా, చాప లేదా పాత బొంత పరచండి. కాళ్లకు మేజోళ్లు, తలకు టోపీ ఉండాలి.

• ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు మూడు పలుచటి పొరలు మేలు. పొరల మధ్య నిలిచిన గాలే అసలైన కంబళి. పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి, సహచరులు 2015లో చీరకట్టును ఈ కోణంలో కొలిచారు. ఒకే చీరను కట్టుకునే తీరు మారితే అది ఇచ్చే వెచ్చదనం కూడా గణనీయంగా మారుతుందని తేలింది. నాయనమ్మ పైటచెంగు భుజాల నిండా కప్పుకోవడం వెనుక ఉన్నది ఈ శాస్త్రమే.

• హీటర్ వాడితే ఎర్రగా వెలిగే రకాన్ని మనిషికి ఎదురుగా, దుప్పట్లకు దూరంగా ఉంచండి. అది గాలి వేడెక్కేదాకా ఆగకుండా నేరుగా ఒంటికే వేడినిస్తుంది. నిద్రపోయేముందు ఆపేయండి.

• గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయించండి. నడిచే మనిషి శరీరం కూర్చున్న మనిషి కంటే దాదాపు రెట్టింపు వేడిని పుట్టిస్తుంది.

ఈసారి నాయనమ్మ లోపల చలి అంటే థర్మామీటర్ వైపు చూడకండి. అరచేతిని ఒక్కసారి గోడకు ఆనించి చూడండి. తర్వాత ఆమె మంచాన్ని ఆ గోడకు దూరంగా జరపండి.